సర్వాంగ కవచం ప్లాస్టిక్ సెట్: డాలు చిన్నది, చెప్పులు అసలే లేవు

వేసవి సెలవులొచ్చి వీబీఎస్ (చర్చిలో పిల్లలకు నడిపే సెలవుల బైబిల్ బడి) పనులు మొదలయ్యాయంటే అబిడ్స్, సికింద్రాబాద్ క్రైస్తవ పుస్తకాల షాపుల్లో టీచర్లు అడిగే వస్తువు ఇది. బైబిల్లో పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలోని సర్వాంగ కవచం, పిల్లల కొలతలో, పల్చటి ప్లాస్టిక్‌లో. బెల్టు, మైమరువు (ఛాతీ కవచం), మోకాలి కింద కట్టుకునే పట్టీలు రెండు, గుండ్రటి డాలు, శిరస్త్రాణం, కత్తి. ఒక్కో ముక్క మీద దాని పేరు ఇంగ్లీషులో అచ్చేసి ఉంటుంది. తెలుగు క్లాసుకైతే ముందుగా ఆ పేర్ల మీద తెలుగు స్టిక్కర్లు అంటించాలి. లేకపోతే కంఠతా పట్టే వచనంలో ఒక మాట, ఒంటి మీద ఇంకో మాట అవుతుంది.

చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలకు ఇంకా బాగుంటుంది. పాఠానికి పనికొచ్చేది మాత్రం సగమే. పౌలు చెప్పింది నిలబడేవాడి సామగ్రి, ఈ సెట్ తయారైంది దూకేవాడి కోసం. 13వ వచనం ‘నిలువబడుటకు’ అంటుంది, ఆ వెంటనే ‘నిలువబడుడి’ అని మళ్లీ అంటుంది. పెట్టె తెరవగానే పిల్లల చెయ్యి పోయేది కత్తి మీదికే. అందుకని మొదటి రోజు కత్తిని బీరువాలోనే ఉంచి 12వ వచనం చెప్పండి. మన పోరాటం శరీరులతో, అంటే మనుషులతో, కాదు అని తేలాకే మిగతా ముక్కలు బయటికి రావాలి. ఇది దాటేసిన క్లాసులో స్కిట్ దగ్గర ‘శత్రువు ఎవరు?’ అన్న ప్రశ్న వస్తుంది, ఎవరో ఒక పిల్లాడికి పక్కింటివాళ్ల వేషం వేస్తారు. నాలుగు మతాలవాళ్లు ఒకే మెట్లెక్కే హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఆ పొరపాటు చిన్నది కాదు.

సెట్‌లో అన్నిటికన్నా బలహీనమైనది డాలు. పళ్లెమంత గుండ్రంగా ఉంటుంది. పౌలు వాడిన గ్రీకు మాట ‘థురెయోస్’, తలుపు అనే మాటలోంచి వచ్చింది. రోమా సైనికుడి పొడవాటి డాలు అది. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ లెక్కలో వెడల్పు రెండున్నర అడుగులు, పొడవు నాలుగు. రెండు పొరల చెక్కను జిగురుతో అంటించి పైన గుడ్డ, ఆపైన దూడతోలు వేసేవారు. ఒళ్లు దాదాపు మొత్తం దాని వెనక దాగుతుంది. ‘అగ్నిబాణములన్నిటిని’ ఆర్పడం అన్న మాట అప్పుడే అర్థమవుతుంది. పళ్లెంతో అది కుదరదు.

దాన్ని పక్కన పెట్టి అట్టతో చేయించండి. ఫ్రిజ్ అట్టపెట్టె నుంచి 24 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పుతో రెండు ముక్కలు కోయాలి. అట్ట లోపలి గీతలు నిలువుగా రావాలి. అడ్డంగా వస్తే వంచినప్పుడు మడత పడి విరుగుతుంది. పిల్లాడి వైపు ఉండే ముక్కకు మధ్యలో రెండు చీలికలు పెట్టి నవారు పట్టీని అడ్డంగా దూర్చి, దాని కొసలు రెండు అట్టల మధ్యకు వచ్చేలా ఫెవికాల్ పెట్టాలి. పైపైన అంటించిన పిడి మొదటి రోజే ఊడొస్తుంది. ఫెవికాల్ పల్చగా రాయాలి, ఎక్కువైతే అట్ట మెత్తబడి అలలు తేలుతుంది. రెండూ కలిపి నీళ్ల డ్రమ్ము మీద వంచి, తాడుతో చుట్టి రాత్రంతా ఆరనిస్తే వంపు అలాగే నిలుస్తుంది. అంచులు ఆరాక సరిచేసి, పైన పాత దుప్పటి గుడ్డ అంటిస్తే సరి.

చెప్పుల సంగతి ఇంకా విచిత్రం. వచనంలో ఉన్నది పాదాలకు ‘జోడు’, పెట్టెలో ఉన్నవి పిక్కల పట్టీలు. రోమా సైనికుల చెప్పుల అడుగున ఇనుప మేకులు ఉండేవి, నేల మీద పట్టు కోసం. వచనం ఆ జోడును సిద్ధమనస్సు అంటుంది, ఆ మాటకు బొమ్మ ఆ పట్టే. పట్టీలు వదిలేసి పిల్లల సొంత బూట్లకే స్టిక్కర్ అంటించండి.

బెల్టు కూడా అంతే. బైబిల్లో ఉన్నది ‘దట్టి’, అంటే నడుముకు చుట్టే గుడ్డ. పీర్ల పండుగ చూసిన తెలంగాణ పిల్లలకు ఆ మాట కొత్త కాదు. రెండు మీటర్ల కాటన్ గుడ్డ చుట్టి, వదులు బట్టలు బిగించి కట్టుకోవడం చూపిస్తే చాలు. ఇది ముందు కట్టాలి, మైమరువు ఆ తర్వాత. వచనంలోని వరస అదే.

మైమరువు ముందువైపే ఉంటుంది, వెనక ఎలాస్టిక్ తాళ్లు. ‘పారిపోయేవాడికి వీపు మీద కవచం లేదు’ అని ప్రసంగాల్లో తరచూ వినిపించే మాటకు ఇది భలే సరిపోతుంది. కానీ రోమా సైనికుల గొలుసు కవచం వీపును కూడా కప్పేది. ఆ మాట మానేసి పాత నిబంధనలోని యెషయా 59:17 చదవండి. అక్కడ నీతిని కవచంగా, రక్షణను శిరస్త్రాణంగా ధరించేది దేవుడే. ఎఫెసీలో ఆయన తొడుక్కున్నదే మనకు ఇస్తున్నాడు. ఎఫెసీలో నీతి అయిన కవచమే పౌలు రాసిన మరో పత్రిక, మొదటి థెస్సలొనీకయ 5:8లో విశ్వాసప్రేమలు అవుతుంది కాబట్టి ఏ ముక్కకు ఏ గుణమో మార్కులు పెట్టి పరీక్ష చేయనక్కర్లేదు.

కత్తి పర్వాలేదు, పొట్టిదే కావడం మంచిదైంది. పౌలు వాడిన గ్రీకు మాట ‘మఖైరా’ కూడా పొట్టి కత్తే. వచనంలో ఆ కత్తి దేవుని వాక్యం గనుక బైబిల్ చేతికిచ్చినా సరిపోతుంది. 18వ వచనంలోని ప్రార్థనకు పెట్టెలో ముక్క లేదు, టీచరే గుర్తుంచుకోవాలి. పౌలు ఇదంతా సంకెళ్లలో ఉన్న రాయబారిగా రాశాడని 20వ వచనం చెబుతుంది. దానికీ బొమ్మ లేదు.

పెద్ద పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి తీసుకెళ్లవచ్చు, శుక్రవారం సెలవు. అక్కడి డాళ్లు మన దేశపు గుండ్రటివి, తలుపు ఆకారం కాదని ముందే చెప్పండి.

నలభై మంది క్లాసుకు రెండు సెట్లు చాలు: శిరస్త్రాణం, మైమరువు కోసం మాత్రమే. మే ఎండలో లోపల కాటన్ చొక్కా ఉండాలి, పదిహేను నిమిషాలకు మించి తొడగవద్దు. ఎలాస్టిక్ తెగేది ప్లాస్టిక్‌లో ముడి దూరే రంధ్రం దగ్గరే. కొన్న రోజే దాన్ని తీసేసి వెల్క్రో వేయించండి. వీబీఎస్ అయ్యాక చర్చి మేడ మీది రేకుల గదిలో మాత్రం పడేయకండి, ఆ వేడికి శిరస్త్రాణం వంకర పోతుంది.