గ్యాస్ గీజర్, బొగ్గుల కుంపటి ఉన్న ఇంటికి కార్బన్ మోనాక్సైడ్ అలారం: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి

నల్లగొండ ప్రకాశం బజారులోనో, మహబూబ్‌నగర్ గడియారం దగ్గరి ఎలక్ట్రికల్ దుకాణంలోనో "గ్యాస్ అలారం ఉందా?" అని అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు ఎల్పీజీ లీక్ డిటెక్టర్. సిలిండర్ నుంచి గ్యాస్ కారితే అది మోగుతుంది. గాలి చాలక గ్యాస్, బొగ్గు, పెట్రోలు సరిగా మండనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం అది పట్టదు. ఈ తేడా తెలియక కొంటే ఇంట్లో అలారం ఉందన్న ధైర్యం తప్ప రక్షణ ఉండదు. ఎల్పీజీ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, కాబట్టి ఆ డిటెక్టర్‌ను నేలకు జానెడు ఎత్తులో పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ బరువు దాదాపు గాలి అంతే, గది మొత్తం కలిసిపోతుంది. ఎల్పీజీకి కావాలనే ఘాటు వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రెంటికీ రెండు వేర్వేరు పరికరాలు కావాలి.

ఈ సమీక్ష కార్బన్ మోనాక్సైడ్ అలారం గురించే. ఇది ప్రధానంగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మూడు రకాలుగా వస్తుంది: సీలు చేసిన బ్యాటరీతో 7 నుంచి 10 ఏళ్లు నడిచేవి, పెన్సిల్ సెల్స్ మార్చుకునేవి, కరెంటు ప్లగ్గులో గుచ్చేవి. మన ప్రాంతానికి మొదటిదే మేలు, అందులోనూ అంకెలు చూపే డిస్‌ప్లే ఉన్నది. సెల్స్ మార్చుకునే రకం కూడా మంచిదే, కానీ టీవీ రిమోట్‌కు సెల్ అయిపోయినప్పుడు చేయి ముందు దీని మీదికే పోతుంది. అలారం గోడ మీదే ఉంటుంది, లోపల సెల్ ఉండదు.

పెట్టె మీద చూడాల్సింది బ్రాండు పేరు కంటే ముందు ప్రమాణం పేరు. యూరప్‌ది ఈఎన్ 50291-1, అమెరికాది యూఎల్ 2034. ఈ రెంటిలో ఒకటి పెట్టె మీదా, పరికరం వెనకా అచ్చు వేసి ఉండాలి. యూరప్ ప్రమాణం ప్రకారం గాలిలో 30 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో ఈ వాయువు 30 భాగాలు) ఉంటే రెండు గంటల లోపు అలారం మోగకూడదు. 50 పీపీఎం దగ్గర 60 నుంచి 90 నిమిషాల మధ్య మోగాలి, 100 దగ్గర 10 నుంచి 40 నిమిషాల మధ్య మోగాలి. 300 ఉంటే 3 నిమిషాల లోపే మోగాలి. అమెరికా లెక్క కొంత సడలింపుగా ఉంటుంది: 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటలు, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాలు, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాలు. ఇంత ఆలస్యం లోపం కాదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, పీల్చినకొద్దీ పేరుకుంటూ పోతుంది. గాలిలో ఎంత ఉందన్నదానితో పాటు ఎంతసేపు పీల్చారన్నదీ ముఖ్యం కాబట్టి అలారం కాలాన్నీ లెక్క కడుతుంది. రెండు ప్రమాణాల్లో ఎంచుకునే వీలుంటే ముందే మేల్కొలిపే యూరప్ రకాన్నే తీసుకోండి.

ఏ ప్రమాణం పేరూ లేకుండా, నీలి వెలుతురు డిస్‌ప్లేతో చౌకగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. వీటిని సిఫారసు చేయలేం. మంచి అలారంలో ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉంటుంది. అది చాలా తక్కువ కరెంటుతో పనిచేస్తుంది కాబట్టే బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. సెమీకండక్టర్ సెన్సర్‌కు లోపల చిన్న హీటర్ నడవాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, పైగా వంట ఆవిరికీ స్పిరిట్ వాసనకూ తడబడుతుంది. వివరాల్లో సెన్సర్ రకం రాయని వస్తువును పక్కన పెట్టండి. వచ్చిన వెంటనే వెనక తయారీ తేదీ, మార్చాల్సిన తేదీ చూడండి. పదేళ్ల అలారం మూడేళ్లు గోదాములో పడి ఉంటే మీకు పదేళ్లూ దక్కవు. పాత సరుకైతే వాపసు పంపండి.

ప్లగ్గు రకానికి రెండు ఇబ్బందులు. అమెరికా నుంచి పిల్లలో చుట్టాలో తెచ్చిచ్చే ప్లగ్గు అలారం 120 వోల్టులకు చేసింది. దాన్ని అడాప్టర్‌తో మన 230 వోల్టుల సాకెట్లో పెడితే కాలిపోతుంది. మన వోల్టేజీకి చేసినదైనా, లోపల బ్యాకప్ బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు మూగబోతుంది. ఈ వాయువును వదిలే జనరేటర్‌ను నడిపేది ఆ కరెంటు పోయిన వేళలోనే.

ఇక మన ఎండ. ఇలాంటి అలారాల్లో చాలావాటికి పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే అని మాన్యువల్లో ఉంటుంది. మే నెలలో నల్లగొండలో బయటే 44, 45 దాటుతుంది. రేకుల ఇంట్లో కప్పు కింద అంతకంటే ఎక్కువ. పొడి వేడికి సెన్సర్ లోపలి ద్రవం ఇంకిపోయి స్పందన తగ్గుతుంది, కానీ పచ్చ లైటు ఎప్పటిలాగే మెరుస్తూనే ఉంటుంది. కాబట్టి రేకుల కప్పు ఉన్న అర్రలో పైన బిగించకండి. మంచం మీద పడుకున్న మనిషి తల ఎత్తులో, ఎండ తగలని గోడకు పెట్టండి. 45 లేదా 50 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాసిన మోడల్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి.

స్లాబు ఇంట్లో కొలతలు ఇవి. పొయ్యి గానీ గీజర్ గానీ ఉన్న గదిలోనే బిగిస్తుంటే దానికి అడ్డంగా 1 నుంచి 3 మీటర్ల దూరం ఉంచాలి. గోడకైతే కప్పు నుంచి కనీసం 15 సెంటీమీటర్లు కిందికి, తలుపులూ కిటికీల పై అంచు కంటే ఎత్తులో. కప్పుకే బిగిస్తే ఏ గోడ నుంచైనా 30 సెంటీమీటర్లు లోపలికి. పడకగదిలో పొయ్యి లాంటిదేమీ లేకపోతే ఊపిరి పీల్చే ఎత్తు చాలు. వెంటిలేటర్ పక్కన, సీలింగ్ ఫ్యాన్ గాలి నేరుగా కొట్టే చోట, పరదా వెనక, సజ్జ మీద సామాన్ల మధ్య, సింకు పైన పెట్టకూడదు. పెట్టెలో వచ్చే స్క్రూలకు మామూలుగా 5 లేదా 6 ఎంఎం బిట్ సరిపోతుంది. ముందు అలారాన్ని తగిలించే పట్టీని గోడకు ఆనించి గుర్తులు పెట్టుకోండి, డ్రిల్ చేసి గిట్టీలు (స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ముక్కలు) దిగ్గొట్టండి, ఇటుక పొడి పూర్తిగా తుడిచాకే అలారాన్ని పెట్టెలోంచి తీయండి. సిమెంటు దుమ్ము గాలి రంధ్రాల్లోకి పోతే తీయడం కష్టం. సీలు బ్యాటరీ రకాన్ని పట్టీకి తిప్పి బిగించగానే ఆన్ అవుతుంది, కొన్నిటికి వెనక స్విచ్ ఉంటుంది. ఆన్ అయిందని పచ్చ లైటు నిమిషానికోసారి మెరిస్తేనే నమ్మండి.

ఒక్కటే కొనగలిగితే పడకగదికే. నిద్రలో తలనొప్పి తెలియదు, వికారం తెలియదు. మనిషి అలాగే స్పృహ తప్పిపోతాడు. మెలకువగా ఉన్నవాడికి శరీరం ఏదో ఒకటి చెబుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, బాత్రూంలోని గ్యాస్ గీజర్. నిమిషానికి 6 లీటర్లు కాచే గీజర్ పూర్తి మంట మీద గంటకు సుమారు ఒక కిలో ఎల్పీజీ తాగుతుంది. కిలో ఎల్పీజీ పూర్తిగా మండాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న బాత్రూంలో మొత్తం గాలే 5.4 ఘనపు మీటర్లు. తలుపు, వెంటిలేటర్ మూసి పది నిమిషాలు నీళ్లు పారిస్తే ఆ మంటకు 2 ఘనపు మీటర్ల గాలి కావాలి, అంటే గదిలో ఉన్నదాంట్లో మూడో వంతు పైనే. అంతకు చాలా ముందే ఆక్సిజన్ తగ్గి, నీలి మంట పసుపు రంగుకు మారి, కార్బన్ మోనాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది. బర్నర్ రంధ్రాల్లో మసి, సాలెగూడు ఉంటే ఇంకా తొందరగా.

దీనికి అలారం జవాబు కాదు. బాత్రూం ఆవిరికి సెన్సర్ పాడవుతుంది కాబట్టి అలారం లోపల పెట్టడానికి వీల్లేదు. బయట పడకగదిలో పెడితే మూసిన తలుపు దాటి గ్యాస్ వచ్చేసరికి లోపలి మనిషి పడిపోయి ఉండొచ్చు. గాలిలో 1,600 పీపీఎం ఉంటే 20 నిమిషాల్లోనే తలనొప్పి, తల తిరుగుడు, వికారం మొదలవుతాయి, గంటలో ప్రాణం పోవచ్చు. గీజర్‌ను బాత్రూం బయట గోడకు, గాలి ఆడే చోట బిగించి వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తేవాలి. ప్లంబర్‌కు ఇది ఒక పూట పని. సిలిండర్ కూడా బయటే ఉండాలి. అంతవరకు బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, తలుపు కాసేపు తీసి ఉంచాకే స్నానానికి వెళ్లండి. గీజర్ ఉన్న బాత్రూంకు ఆనుకుని పడకగది ఉంటే అలారం ఆ పడకగదిలో తలుపు నుంచి ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉండాలి. అది పడుకున్నవాళ్ల కోసం. స్నానం చేసేవాళ్లను అది కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు.

రెండోది కుంపటి. చలికాలంలో బాలింత అర్రలో తలుపులు బిగించి నిప్పులు పెట్టడం, బిడ్డకు స్నానం చేయించాక సాంబ్రాణి వేయడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. కట్టెల పొగ కళ్లు మండిస్తుంది కాబట్టి బయటికి తీస్తారు. బాగా రాజుకున్న బొగ్గుకు పొగ రాదు, కాబట్టి లోపలికి తెస్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వచ్చేది ఆ ఎర్రటి బొగ్గు నుంచే. బాలింత, పసిబిడ్డ ఉన్న గదిలో కుంపటి అసలు వద్దు. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే రెండు పక్కలా కిటికీలు తీసి కాసేపే పెట్టి, నిద్రకు ముందు బయట పెట్టేయాలి. అలారం మోగితే పెద్దవాళ్లు "సాంబ్రాణికి మోగింది లే" అని తీసి పక్కన పెడతారు. సాంబ్రాణి కింద ఉన్నదీ బొగ్గే. ఆ మోత నిజమైన మోతే.

కింద షట్టర్ దుకాణం, పైన ఇల్లు ఉన్న చోట పెట్రోలు జనరేటర్‌ను షట్టర్ సగం దించి లోపల నడపడం ఉంది. ఇది కుంపటి కంటే ప్రమాదం. తలుపులకూ కిటికీలకూ కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటి వైపు కాకుండా తిప్పి నడపాలి. పైన నివసించేవాళ్లకు అలారం తప్పనిసరి.

కారణం లేకుండా మోగుతోందని ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది ఇన్వర్టర్ బ్యాటరీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా పొరబడుతుంది. హాలు మూలలో ఇన్వర్టర్, దాని పైన గోడకు అలారం ఉంటే ఇదే జరుగుతుంది. అలారాన్ని దూరం జరపండి, బ్యాటరీని గాలి ఆడే చోటికి మార్చండి. పండుగకు తలుపులకు ఎనామిల్ పెయింట్, టిన్నర్ వాడేటప్పుడు అలారాన్ని విప్పి వేరే గదిలో ఉంచండి. దాని ముందు దోమల స్ప్రే, హెయిర్ స్ప్రే కొట్టొద్దు. తుడవడానికి పొడి మెత్తని బట్ట చాలు.

టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి. అది బ్యాటరీనీ, హారన్‌నూ, సర్క్యూట్‌నూ పరీక్షిస్తుంది. చాలా మోడళ్లలో సెన్సర్ గ్యాస్‌ను పడుతుందో లేదో చెప్పదు. అందుకే మార్చాల్సిన తేదీ దాటిన అలారాన్ని బాగానే మోగుతోంది కదా అని ఉంచుకోకూడదు. అగరుబత్తీతోనో బండి సైలెన్సర్ దగ్గరో పట్టి పరీక్షించొద్దు, మసికీ పెట్రోలు ఆవిరికీ సెన్సర్ చెడుతుంది. డిస్‌ప్లే సున్నా చూపిస్తే గాలి శుభ్రమని కాదు. చాలా మోడళ్లు 10 లేదా 30 పీపీఎం కంటే తక్కువను సున్నాగానే చూపిస్తాయి. గరిష్ఠ అంకె గుర్తుంచుకునే బటన్ ఉంటే పొద్దున లేవగానే ఒకసారి నొక్కి చూడండి, రాత్రి ఏం జరిగిందో చెబుతుంది. అర నిమిషానికో నిమిషానికో ఒక కీచు వినిపిస్తే బ్యాటరీ అయిపోవడమో, అలారం ఆయుష్షు తీరడమో. ఏ మోత దేనికో మాన్యువల్‌లో ఉంటుంది, ఆ కాగితాన్ని పక్క గోడకే అంటించండి.

నాలుగు మోతలు, ఆగి మళ్లీ నాలుగు మోతలు వస్తుంటే అది ప్రమాద సంకేతం. ముందు అందరినీ ఆరుబయటికి తీసుకురండి. దారిలో అందితే తలుపులు తీసి పొయ్యి, గీజర్ ఆపండి, వాటి కోసం మళ్లీ లోపలికి మాత్రం వెళ్లకండి. బాత్రూంలో ఎవరైనా పడిపోయి ఉంటే తలుపు బద్దలు కొట్టి, ఊపిరి బిగబట్టి, బయటికి లాగాలి. 108కి ఫోన్ చేసి గ్యాస్ గీజర్ అనో కుంపటి అనో స్పష్టంగా చెప్పండి. ఆసుపత్రిలో వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98, 99 చూపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్క కడుతుంది. ఆ అంకె చూసి ఇంటికి వచ్చేయకండి. ఈ వాయువు పట్టిన హిమోగ్లోబిన్ ఎంతుందో చెప్పే కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్తపరీక్ష అడగండి, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెట్టమనండి. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్‌తో గంట, గంటన్నరలో తగ్గుతుంది. అలారం మీద కనిపించిన అంకెను ఫోన్‌లో ఫొటో తీసి ఉంటే డాక్టర్‌కు చూపించండి.