కణ విభజన నమూనా పెట్టె: విభజన ఉంది, తనిఖీ లేదు

హనుమకొండ చౌరస్తా దగ్గర ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో, మా జూనియర్ కళాశాల కోసం కణ విభజన నమూనా పెట్టెను 1,850 రూపాయలకు కొన్నాను. ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థులకు రెండు సెక్షన్లలో కణ చక్రం పాఠం చెబుతూ వాడి చూశాను కాబట్టి, కొనదలచిన తోటి అధ్యాపకుల కోసం ఇది రాస్తున్నాను.

పెట్టెలో ఒక ఇనుప పలక, అయస్కాంతం అతికించిన రంగురంగుల క్రోమోజోములు, క్రోమోజోములను రెండు వైపులకు లాగే కండె పోగులుగా వాడుకోవడానికి దారాలు ఉన్నాయి. మధ్యస్థ దశలో క్రోమోజోములను నడిమి గీతపై పేర్చి రెండు ధ్రువాల నుంచి దారాలు తగిలిస్తే, వెనక బెంచీకి కూడా చక్కగా కనిపిస్తుంది. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఇంటి నుంచి వచ్చే అమ్మాయికి కండె అంటే ఏమిటో నేను చెప్పవలసిన అవసరమే రాలేదు. మిగతావారికి ఆమే చెప్పింది.

అయితే రెండు విభజనల మధ్య కాలమైన అంతర్దశ కార్డుపై 'విశ్రాంతి దశ' అని అచ్చువేయడం పెద్ద తప్పు. మానవ కణం సుమారు 24 గంటలకు ఒకసారి విభజన చెందుతుందనుకుంటే, అసలు విభజనకు పట్టేది దాదాపు ఒక గంట మాత్రమే. మిగిలిన కాలమంతా కణం పెరుగుతూ, డీఎన్ఏను రెట్టింపు చేసుకుంటూ, ముందుకు పోవచ్చునో లేదో సరిచూసుకుంటూ ఉంటుంది.

ఆ సరిచూసుకోవడమే ఈ పెట్టెలో ఎక్కడా లేదు. డీఎన్ఏ దెబ్బతింటే పి53 ప్రోటీను కణ చక్రాన్ని నిలిపివేసి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది, మరమ్మతు సాధ్యం కాకపోతే కణాన్ని మరణం వైపు నడిపిస్తుంది; మానవ క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ ప్రోటీను జన్యువే చెడిపోయి ఉంటుంది. క్యాన్సర్ కణాలన్నీ విపరీతమైన వేగంతో విభజన చెందుతాయని పిల్లలు అనుకుంటారు గాని, చాలా కణుతుల కంటే మన ఎముక మజ్జ కణాలే వేగంగా విభజన చెందుతాయి. మజ్జ కణాలు హద్దు తెలిసి ఆగుతాయి, కణుతి కణాలు ఆగవు. ఈ నియంత్రణను ఈస్ట్ కణాలలోను, ముళ్ళతో ఉండే సముద్రజీవి అర్చిన్ గుడ్లలోను వెలికితీసినందుకే శాస్త్రవేత్తలు హార్ట్‌వెల్, హంట్, నర్స్‌లకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది.

అందుచేత ఎర్ర అట్టతో మూడు బిళ్ళలు కత్తిరించి నేనే తనిఖీ కేంద్రాలుగా పెట్టాను. ఒక క్రోమోజోము నుంచి దారం ఊడదీసి, ఇప్పుడు ఏం జరగాలని అడిగితే, అది తగులుకునే దాకా మిగతావన్నీ ఆగాలని ఒక అబ్బాయి చెప్పాడు. ఎర్ర బిళ్ళను తీసేసి, క్రోమోజోములు విడిపోయి ధ్రువాల వైపు కదిలే చలన దశలోకి నడిపించినప్పుడు, ఒక పిల్ల కణానికి ఒక క్రోమోజోము ఎక్కువగా, రెండోదానికి తక్కువగా పోవడం తరగతి మొత్తం నిశ్శబ్దంగా చూసింది. ఆ తరువాత కళాశాల ఆవరణలోని బిళ్ళగన్నేరు కొమ్మ తెచ్చి చూపించి, దాని నుంచి తీసే విన్‌క్రిస్టిన్ మందు కండె పోగులను ఏర్పడనివ్వదని, పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌లో దానిని వాడతారని చెప్పి, పలక మీది దారాలన్నీ తీసేశాను. క్రోమోజోములు నడిమి గీత మీదే నిలిచిపోయాయి.

పెట్టె కొనవచ్చు. 'విశ్రాంతి దశ' అన్న కార్డు మీద కాగితం అతికించి, తనిఖీ బిళ్ళలు మీరే చేసుకోవాలి. దుకాణంలో విడి అయస్కాంతాలు కూడా అడిగి తీసుకోండి. చిన్న క్రోమోజోములవి నెల తిరగకముందే ఊడిపోయాయి.