లైబ్రరీ పీరియడ్‌లో ఇంగ్లీషు: చదివి వినిపించడమా, చదువుకోనివ్వడమా?

దేవరకొండ వైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో లైబ్రరీ పీరియడ్ వారానికి ఒక్కటి దక్కితే గొప్ప. దాన్ని ఇంగ్లీషుకు ఎలా వాడాలన్న విషయంలో ఉపాధ్యాయులది రెండు దారులు: కథల పుస్తకాన్ని బొమ్మలు చూపిస్తూ తామే చదివి వినిపించడం ఒకటి, నచ్చిన పుస్తకాన్ని పిల్లల చేతికిచ్చి, ప్రశ్నలు అడగకుండా మౌనంగా చదువుకోనివ్వడం రెండోది.

ఈ రెండింటినీ 1980ల తొలినాళ్లలో ఫిజీ దీవుల గ్రామీణ బడుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయి అనే పరిశోధకులు పక్కపక్కన పరీక్షించారు. నాలుగు, ఐదు తరగతుల గదుల్లో సుమారు 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు పెట్టి చూస్తే, ఎనిమిది నెలలకు రెండు పద్ధతుల పిల్లలూ మామూలు పాఠాలు విన్నవాళ్లను చదవడంలో బాగా దాటిపోయారు. పద్ధతి సంగతి తర్వాత, ముందు పుస్తకం చేతికందాలి. నేను పనిచేసిన ఒక బడిలో, పుస్తకం పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో బీరువాకు తాళం వేసి ఉంచితే, విప్పని కట్టలు విప్పనట్లే చెదలపాలయ్యాయి.

తాళం తీశాక నా మొగ్గు, ఆరు, ఏడు తరగతుల వరకు, చదివి వినిపించడం వైపే. ఒక ఆరో తరగతి అమ్మాయి 'నైఫ్' అన్న మాటను 'కెనైఫ్' అని చదివి, అది కత్తి అని చెప్పగానే 'నైఫా సార్, అది నాకు తెలుసు' అంది. చెవికి తెలిసిన మాట కంటికి తెలియలేదు. తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, ఆ పైన ఇంగ్లీషు. 2022-23లో వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఎదుటి పేజీలోని తెలుగు కూడా వాళ్లకు పూర్తి ఆసరా కాదు.

వినిపించడంలోనూ చిక్కులున్నాయి: వెనక బెంచీకి బొమ్మ కనబడదు, టీచరు పలుకు తప్పితే తరగతంతా తప్పుతుంది. మౌన పఠనానికి ఆ బెడద లేదు గాని, పేజీకి ఐదారు తెలియని మాటలుంటే పిల్లవాడు బొమ్మలే తిప్పుతాడు. అందువల్ల ఎనిమిదో తరగతి నుంచి, అదీ బీరువాలో తేలిక పుస్తకాలుంటేనే, అది పనికొస్తుంది.

పిల్లలు ఇంటికి పట్టుకెళ్తామని అడిగేది కొత్త పుస్తకం కాదు, ఆ రోజు విన్నదే. కాబట్టి కొనేటప్పుడు ఒక్కో కథకు రెండు మూడు ప్రతులు తెప్పించుకోవడం మేలు.