వాటా అడగాలా, జోనింగ్ సడలించాలా?

టీచర్లు, నర్సులు, బస్సు డ్రైవర్లు ఇళ్ల ధరలు భరించలేక తాము పనిచేసే ఊళ్లోనే ఉండలేకపోతే స్థానిక ప్రభుత్వం ఏం చేయాలి? అమెరికాలో రెండు దారులున్నాయి: కొత్త ఇళ్లలో కొంత వాటా తక్కువ ధరకివ్వమని బిల్డర్లను అడగడం, లేదా జోనింగ్‌ను (ఏ స్థలంలో ఏం, ఎంత కట్టొచ్చో చెప్పే నిబంధనలను) సడలించడం.

మేరీల్యాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) 1974లోనే బిల్డర్లను వాటా అడిగింది. ఇప్పుడు పెద్ద ప్రాజెక్టుల్లో కనీసం 12.5 శాతం ఇళ్లు ఓ మోస్తరు ఆదాయం వాళ్లకు తక్కువ ధరకివ్వాలి. ఖజానాపై భారం తక్కువే. కానీ కొత్త ప్రాజెక్టు లేకపోతే వాటా కూడా లేదు. ధర నియంత్రణకు గడువు కూడా ఉంటుంది.

మినియాపొలిస్ నగరం 2020లో ‘స్థలానికి ఒకే ఇల్లు’ నిబంధన తీసేసి, మూడిళ్ల దాకా ఒప్పుకుంది. పేరంతా దానికే వచ్చింది గానీ, అలా కట్టినవాళ్లు కొద్దిమందే! ఇళ్లు పెరగడానికి అసలు పని చేసింది రవాణా మార్గాల వెంట అపార్ట్‌మెంట్లకు అనుమతి, కొత్త భవనాలకు కనీసం ఇంత పార్కింగ్ ఉండాలన్న నిబంధనను 2021లో ఎత్తివేయడం.

ఓ మోస్తరు జీతం వాళ్లకు నేరుగా ఇల్లు దక్కేది మొదటి దారిలోనే. అయినా నా ఓటు ముందు రెండోదానికే: కట్టనివ్వని చోట వాటా ఎక్కడిది?