"మాలిమి అయిన గుర్రప్పిల్ల" అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

కోనసీమలో, పాలకొల్లు వైపు గుర్రప్పిల్లను కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ఓపిగ్గా చదవండి. కిందటి నెల మేం ఒక ఆడ గుర్రప్పిల్లను తెచ్చుకున్నాం. "మూడేళ్ళు నిండాయండి, చిన్నపిల్లాడు ఎక్కినా కదలదు, అంత మాలిమి" అన్నాడు అమ్మినాయన. లక్షా పదివేలు పోశాం. రెండు మాటలూ అబద్ధమే.

చూడ్డానికి వెళ్ళింది సాయంత్రం పూట. తల వాల్చి, కింది పెదవి వేలాడేసుకుని నిలబడి ఉంది. మావాడు జూలు నిమిరితే చెవి కూడా కదపలేదు. ఎంత నెమ్మదో అని మురిసిపోయాను. బండిలో చించినాడ వంతెన దాటుతుండగా మొదలైంది, చెక్కలు విరిగేలా తన్నుడు. ఇంటికొచ్చాక దానికి మనిషి పొడే గిట్టలేదు. ఒళ్ళు దువ్వుదామని బ్రష్షు పొట్ట దగ్గరికి తీసుకెళ్తే కరవడానికి వచ్చింది. ఇదంతా విని పశువుల డాక్టరు గారు, మత్తు సూది వేసి చూపించి ఉంటారన్నారు. ఆ మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది, ఈలోగా బేరం అయిపోతుంది.

ఆయన దాని పై పెదవి ఎత్తి చూపించారు. ముందుపళ్ళన్నీ చిన్నవి, తెల్లవి, ఒక్కటీ ఊడని పాలపళ్ళు. నడిమి జత ఊడి కొత్తవి వచ్చేది రెండున్నరేళ్ళ వయసులో. అంటే దీనికి అవీ నిండలేదు. మూపు మీద రూపాయి బిళ్ళంత తెల్లవెంట్రుకలు ఉంటే నేను పుట్టుమచ్చ అనుకున్నాను. జీను ఒరుసుకుని పుండు పడి, మానినచోట అలా తెల్లబడుతుందట. ఎముకలు ముదరని పసిదాని వీపు మీద మనుషుల్ని ఎక్కించారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వెనక కాలు ఎత్తితే కుళ్ళు కంపు. గిట్ట అడుగున మెత్తటి భాగం పక్క గాడిలో నల్లటి రసి. తడిలో, పేడలో కట్టేసి గిట్టలు శుభ్రం చేయకపోతే వచ్చే జబ్బే ఇది. మన బంకమట్టి నేలల్లో వానాకాలం మరీ జాగ్రత్తగా ఉండాలి, మెరక మీదే కట్టాలి.

కొనేవాళ్ళు చెప్పకుండా వెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి, ఇంకోరోజు మళ్ళీ వెళ్ళండి. మెడ నుంచి తొడల దాకా మీ ఎదుటే దువ్వించండి, నాలుగు కాళ్ళూ ఎత్తించండి. "ఎదలో ఉందండి, అందుకే చిరాకు" అంటారు. ఈ వయసు ఆడ గుర్రప్పిల్లలకు అది నిజమే కావచ్చు, కానీ ఎద మామూలుగా వారం రోజుల్లో తగ్గిపోతుంది. వారం పదిరోజులు ఆగి వెళ్ళి చూడండి. గ్లాండర్స్ లేదన్న రక్తపరీక్ష కాగితం కూడా అడగండి, అది మనుషులకూ అంటుకునే జబ్బు.

మా పిల్లను వెనక్కి ఇవ్వలేదు, ఇవ్వం. పూటకి పది నిమిషాలు మెడ, భుజం మాత్రమే దువ్వుతున్నాం. అది బెదిరితే చెయ్యి అక్కడే ఆపి, కుదుటపడ్డాక తీస్తున్నాం. నిన్న భుజం నుంచి కిందికి చెయ్యి జారిస్తే ముందుకాలు తనే ఎత్తి, ఐదు లెక్కపెట్టేదాకా నా చేతిలో ఉంచింది. జీను మాటే తలపెట్టం, ఇంకా ఏడాది పైనే ఆగుతాం.

మాకు అమ్మినాయన కొట్టంలోనే ఇంకో పిల్ల ఉంది, ఎర్రది, నొసట తెల్లచుక్క. దాన్నీ మూడేళ్ళదనే చెబుతున్నాడు. వెళ్ళేవాళ్ళు ముందు దాని పెదవి ఎత్తి చూడండి.