కళింగపట్నం గాలికి ఆగే చవక ట్రైపాడ్

రెండు వేల లోపు అల్యూమినియం ట్రైపాడ్‌లలో కాళ్లు నాలుగు ముక్కలవాటి కంటే మూడు ముక్కలవే మేలు. నాలుగో ముక్క పుల్లలా సన్నగా ఉండి, కళింగపట్నం బీచ్ గాలికి వణుకుతుంది. డబ్బా మీద ఎత్తు చూసి మోసపోకండి. అది మధ్య కడ్డీని పూర్తిగా లేపితే వచ్చేది. కడ్డీ లేపితే ఊపు ఖాయం. కింద కొక్కెం ఉంటే బ్యాగు తగిలించండి, అయితే అది ఊగకుండా నేలకు ఆనాలి.

షాపులోనే కాళ్లు చాపి, లాక్‌లు వేసి, పైనుంచి గట్టిగా అదిమి చూడండి. కాలు జారితే వద్దనేయండి. కెమెరా బిగించే ప్లేటు విడిగా దొరుకుతుందో లేదో అడగండి. అది పోతే స్టాండు మొత్తం దండగే.

ఈ చవక ట్రైపాడ్‌లు ఫోన్‌కీ, చిన్న కెమెరాకీ భేషుగ్గా పనికొస్తాయి. తేలినీలాపురం పెలికాన్ పక్షుల కోసం బరువైన జూమ్ లెన్స్ వేస్తే మాత్రం కెమెరా కూర్చునే ప్లాస్టిక్ హెడ్ ముందుకు వాలిపోతుంది. బీచ్‌లో వాడాక మంచినీళ్లతో కడిగి, ఆరాకే ముడవండి. ఇసుక, ఉప్పు చేరితే లాక్‌లు బిగుసుకుపోతాయి.