పార్టు మార్చాక విండోస్ మళ్లీ ఎక్కించాలా, పాతదే నడపాలా: ఏది మేలు?

పర్లాకిమిడిలో అయినా, బోర్డరు దాటి పాతపట్నంలో అయినా, సిస్టమ్ షాపుకి పట్టుకెళ్లి ర్యామ్ పెంచమంటే చాలాసార్లు వచ్చే సలహా "ఎలాగూ విప్పాం కదా, ఫార్మాట్ కూడా కొట్టేద్దాం" అని. దయచేసి ఊ అనకండి. ర్యామ్ మారిస్తే విండోస్ మళ్లీ ఎక్కించాల్సిన పనే లేదు, 4 జీబీ తీసి 16 జీబీ పెట్టినా ఆన్ చేయగానే తనే లెక్క చూసుకుంటుంది. రెండో డిస్కు, ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా), క్యాబినెట్, మానిటర్ అన్నీ అంతే. గ్రాఫిక్స్ కార్డుకి డ్రైవర్ (ఆ పార్టుని విండోస్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) మారిస్తే సరి. ఎన్‌విడియా నుంచి ఏఎమ్‌డీకి వెళ్తుంటే పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేయండి, అంతవరకే.

ప్రాసెసర్ ఒక్కటే, అదే మదర్‌బోర్డు మీద మారుస్తుంటే కూడా పాత విండోస్ నడుస్తుంది. ముందు బయోస్ (బోర్డులోనే ఉండి సిస్టమ్‌ని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోవాలి, అదీ యూపీఎస్ ఉన్నప్పుడే, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. ఇక్కడ చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్కు ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకి తాళం వేయడం) మనల్ని అడగకుండానే ఆన్ అయిపోతుంది. చాలా ఏఎమ్‌డీ సిస్టమ్స్‌లో దాని తాళం ప్రాసెసర్ లోపలి టీపీఎమ్ అనే భద్రతా భాగంలో ఉంటుంది కాబట్టి, ప్రాసెసర్ మార్చాక స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. అందుకే పార్టు విప్పకముందే ఆ కీ కాగితం మీద రాసుకుని, ఎన్‌క్రిప్షన్‌ని ఆపి పెట్టండి.

అసలు తూకం వేయాల్సింది హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కుకి) మారేటప్పుడు. క్లోన్ చేస్తే ఉన్నదున్నట్టు కొత్త డిస్కులోకి వస్తుంది, ఫ్రెష్‌గా ఎక్కిస్తే శుభ్రంగా ఉంటుంది కానీ సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ మొదటినుంచి. మా వైపు పెళ్లి కార్డులు వేసే షాపుల సిస్టమ్ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి: తెలుగు కార్డు టైపింగ్‌కి అను స్క్రిప్ట్, ఒడియా కార్డుకి ఆకృతి, పేజీలు అమర్చే పాత పేజ్‌మేకర్, రెండు ప్రింటర్లు, ఎప్పటినుంచో పోగేసిన ఫాంట్లు, వాటి సీడీలు ఎక్కడున్నాయో ఓనర్‌కే తెలీదు. వీళ్లకి "డి డ్రైవ్ అలాగే ఉంటుందండీ" అని భరోసా ఇచ్చి సి డ్రైవ్ తుడిచేస్తే, ఫాంట్లూ కీబోర్డ్ సెట్టింగ్‌లూ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న కార్డు ఫైళ్లూ అన్నీ సి లోనే ఉన్నాయని ముహూర్తాల సీజన్ మధ్యలో తెలుస్తుంది. ఇలాంటి చోట కళ్లు మూసుకుని క్లోనే. 1 టీబీ డిస్కులో 300 జీబీ మాత్రమే వాడి ఉంటే 500 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. పాత డిస్కు కటకటమని చప్పుడు చేస్తుంటే మాత్రం క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు, ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీసుకోండి. క్లోన్ అయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు వైరు పీకేసి ఉంచండి.

ఇంట్లో పిల్లలు చదువుకునే సిస్టమ్ అయితే, వైరస్ పట్టి, ఎవరెవరో ఎక్కించిన చెత్తతో నిండి ఉంటే, ఫ్రెష్‌గా ఎక్కించడమే మేలు. చెత్తని క్లోన్ చేస్తే ఆ చెత్తే వేగంగా నడుస్తుంది. విండోస్‌లోనే ఉన్న రీసెట్ అనే మధ్యేమార్గం ఫైళ్లు ఉంచుతుంది గానీ సాఫ్ట్‌వేర్లు తీసేస్తుంది, కాబట్టి కార్డుల షాపుకి అది పనికిరాదు.

ఇక మదర్‌బోర్డు. విండోస్ 7 రోజుల్లో బోర్డు మారిస్తే తరచూ నీలం స్క్రీన్ వచ్చేది, ఫార్మాట్ తప్పదన్న నమ్మకం అప్పటిదే. విండోస్ 10, 11 మాత్రం మొదటిసారి ఆన్ అయినప్పుడు కాసేపు పరికరాలన్నీ వెతుక్కుని, ఎక్కువసార్లు మామూలుగానే లేస్తాయి. లేవకపోతే రెండు కారణాలు చూడండి. పాత డిస్కు ఎమ్‌బీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉండి, కొత్త బోర్డులో లెగసీ బూట్ (పాత పద్ధతిలో లేవడం) లేకపోవడం ఒకటి. దీనికి, డిస్కుని కొత్త పద్ధతికి మార్చే ఎమ్‌బీఆర్‌2జీపీటీ అనే కమాండ్ విండోస్‌లోనే ఉంది, బోర్డు మార్చకముందే నడపాలి. రెండోది, డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి, అంటే బయోస్‌లోని డిస్కు మోడ్, ఏహెచ్‌సీఐ బదులు రెయిడ్ లేదా వీఎమ్‌డీలో ఉండటం.

అయినా బోర్డు మారినప్పుడు నా ఓటు ఫ్రెష్‌కే, ముఖ్యంగా ఇంటెల్ నుంచి ఏఎమ్‌డీకి వెళ్తుంటే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, కొత్త బోర్డు ఎలాగూ 11ని తీసుకుంటుంది, పాత డ్రైవర్ల అవశేషాలు మోసుకెళ్లడం దేనికి? పాత డిస్కుని మాత్రం తుడవొద్దు. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని దాంట్లో ఎక్కించి, పాతదాన్ని కొన్ని వారాలు సొరుగులో అలాగే ఉంచితే మర్చిపోయిన ఫాంటో బిల్లో దొరుకుతుంది. కొత్త బోర్డు ల్యాన్, వైఫై డ్రైవర్లు ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, లేదంటే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌నే సిస్టమ్‌కి ఇవ్వడం) పెట్టుకోండి.

లైసెన్స్ విషయంలో ఒక పెద్ద అపోహ ఉంది, ఫార్మాట్ కొడితే యాక్టివేషన్ తిరిగొస్తుందని. బోర్డు మార్చాక యాక్టివేషన్ పోతే మళ్లీ ఫార్మాట్ చేసినా రాదు, దానికీ దీనికీ సంబంధం లేదు. సిస్టమ్‌తో పాటు వచ్చిన ఓఈఎమ్ లైసెన్స్ ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది, విడిగా కొన్న రీటైల్ లైసెన్స్ కొత్త బోర్డుకి మార్చుకోవచ్చు. అందుకోసం బోర్డు తీయకముందే లైసెన్స్‌ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి జత చేసి, తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో ఈమధ్య హార్డ్‌వేర్ మార్చానని చెప్పాలి. షాపు లెక్కలకి ట్యాలీ వాడేవాళ్లు దాని లైసెన్స్‌ని పాత సిస్టమ్ నడుస్తుండగానే సరెండర్ (పాతదాంట్లోంచి వదిలించడం) చేసి, కొత్తదాంట్లో మళ్లీ యాక్టివేట్ చేసుకోండి.